చెరువు గట్టు మీద డీజిల్ బండి: డీపీఎఫ్ లైటు వెనక ఏం దొరికింది

బండి 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. మీటరు మీద 60 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. యజమాని కాళ్ల మండలంలో వనామి రొయ్యల చెరువులు చేసే రైతు. ఆయన్ని ఇక్కడ రాజుగారు అని రాస్తాను. బండి భీమవరంలో మా షెడ్డుకు వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు, డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు రెండూ వెలుగుతున్నాయి. పికప్ చచ్చిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ నడుస్తోంది. లీటరుకు 14 ఇచ్చేది 9కి పడిపోయిందని ఆయన బాధ.

మా దగ్గరికి వచ్చే ముందే రెండు చోట్ల చూపించుకున్నారు. ఒక చోట డీపీఎఫ్ మొత్తం మార్చాలి, లక్ష దాటుతుంది అన్నారు. ఇంకో చోట డీపీఎఫ్ విప్పి లోపల ఖాళీ చేసేసి, ఇంజిన్ కంప్యూటర్‌లో దాని ప్రోగ్రాం కూడా తీసేస్తే ఇక జన్మలో లైటు రాదని హామీ ఇచ్చారు. రాజుగారు నన్ను సూటిగా అడిగారు: "మేస్త్రిగారూ, లక్ష పెట్టమంటారా, పీకించేయమంటారా, లేకపోతే బండే అమ్మేసి పెట్రోలు బండి కొనుక్కోమంటారా? ఏదో ఒకటి తేల్చండి."

బండి చూడకుండా తేల్చే మాట కాదది. డీపీఎఫ్ ఊరికే నిండదు. దాన్ని నింపుతున్నది ఏమిటో, ఎందుకు ఖాళీ కావడం లేదో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే కొన్నాళ్లకు అదీ ఇదే దారి పడుతుంది. కాబట్టి ముందు బండి సంగతి పక్కన పెట్టి, ఆయన రోజు ఎలా గడుస్తుందో అడిగాను.

తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. రొయ్య పైకి తేలితే పంట పోయినట్టే. అందుకని ఆయన మూడున్నరకే లేచి చెరువుకు వెళ్తారు. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా చూసుకుని, దోమల బాధ పడలేక అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని బండిలోనే కూర్చుంటారు. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. మేత వేళకు మళ్లీ రావడం, రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్ ట్రేలు చూడటం, అక్కణ్ణుంచి ఇంకో చెరువుకు నాలుగు కిలోమీటర్లు. గట్ల మీద రెండో గేరు దాటదు. రొయ్యలు పట్టే రోజైతే ఐసు వచ్చి, సరుకు తూకం అయ్యి, లారీ కదిలేదాకా గంటల తరబడి ఐడ్లింగే, అంటే బండి కదలదు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మొత్తం కలిపితే రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతున్నారు గానీ అందులో ఒక్కసారి కూడా బండి పది నిమిషాలు నిలకడగా పరుగెత్తడం లేదు.

దీనికీ లైటుకూ సంబంధం ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూంలో ఈ మాట కొనేవాళ్లకు ఎవరూ సరిగా చెప్పడం లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్తగా అమ్మే బండ్లన్నీ బీఎస్6 అనే పొగ కాలుష్య ప్రమాణాలకు ఉండాలి. డీజిల్ కార్లలో దాంతో వచ్చిన పెద్ద మార్పు డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో, చాలా బండ్లలో టర్బోకు (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగానికి) దగ్గరగా బిగించిన డబ్బా అది. లోపల పింగాణీ లాంటి పదార్థంతో చేసిన సన్నని గొట్టాలు కిక్కిరిసి ఉంటాయి. పక్కపక్కనే ఉన్న గొట్టాల్లో ఒకదానికి ముందు మూత, ఒకదానికి వెనక మూత. ఒక గొట్టంలోకి వెళ్లిన పొగ గోడలోంచి వడగట్టుకుని పక్క గొట్టం ద్వారా బయటపడాల్సిందే. మసి మాత్రం ఇవతలే చిక్కుకుంటుంది. పాత డీజిల్ బండి వెనక కనిపించే నల్ల పొగ బీఎస్6 బండి వెనక కనిపించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

చిక్కిన మసిని బండి తనంతట తాను కాల్చుకోవాలి. దీన్ని రీజెన్ అంటాం. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు పొగ వేడికే కొంత మసి మెల్లగా తగ్గిపోతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ కల్పించుకుంటుంది. సిలిండర్లో మంట పని అయిపోయాక, ఆలస్యంగా మరికొంచెం డీజిల్ చల్లిస్తుంది. ఆ డీజిల్ ఎగ్జాస్ట్‌లోని క్యాటలిస్టు దగ్గర మండి డీపీఎఫ్ వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. ఆ వేడి పది, ఇరవై నిమిషాలు నిలబడితే మసి కాలిపోతుంది.

రాజుగారి బండిలో రీజెన్ మొదలైన అయిదు నిమిషాలకే ఇల్లో చెరువో వచ్చేస్తుంది. బండి ఆపేస్తారు. వేడి చల్లారిపోయి మసి సగంలో ఆగుతుంది. ఆలస్యంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. తర్వాతి ట్రిప్పులో మళ్లీ మొదలవుతుంది, మళ్లీ మధ్యలో ఆగుతుంది.

అందుకే ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టక ముందే డిప్‌స్టిక్ తీశాను. రెండు గుర్తుల మధ్య ఉండాల్సిన ఆయిల్ పై గుర్తు దాటి దాదాపు వేలెడు పైన ఉంది. స్టిక్ వంచితే చుక్క సాగలేదు, నీళ్లలా గబుక్కున పడిపోయింది. వేళ్ల మధ్య రుద్దితే జిగట లేదు. వాసన చూస్తే డీజిల్. రాజుగారి చేతికీ ఇచ్చాను. "ఆయిల్ చుక్క కూడా తగ్గట్లేదు, ఇంజిన్ గట్టిగా ఉందనుకున్నానండి" అన్నారు ఆశ్చర్యంగా.

ఈ ఒక్క విషయం ప్రతి డీజిల్ బండి యజమానికీ తెలియాలి. ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. డీజిల్ కలిసి పలచబడ్డ ఆయిల్ టర్బో బేరింగు దగ్గర, క్రాంక్ బేరింగుల దగ్గర గట్టి పొర కట్టలేదు. లోహం లోహాన్ని తింటుంది. మరీ పెరిగిపోతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే లోపలికి పీల్చుకుని మండించుకుంటూ, బండి ఆపినా ఆగకుండా అరిచే ప్రమాదం కూడా ఉంది.

ఇంతవరకూ చూస్తే కథ తెలిసిపోయినట్టే: చిన్న ట్రిప్పులు, ఐడ్లింగ్, నిండిన డీపీఎఫ్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆయన నెలకోసారి విశాఖపట్నం వెళ్తున్నారు, కూతురి ఇంటికి. తాడేపల్లిగూడెం దాకా వెళ్లి హైవే ఎక్కితే గంటల తరబడి నిలకడగా పోయే దారి. ఆ ఒక్క ప్రయాణంలోనైనా డీపీఎఫ్ శుభ్రంగా కాలిపోవాలి. కాలడం లేదంటే రీజెన్‌ను ఇంకేదో అడ్డుకుంటోంది.

స్కానర్లో రెండు కోడ్లు కనిపించాయి. పీ2463 అంటే డీపీఎఫ్‌లో మసి పేరుకుపోయింది, అది ఎదురుచూసిందే. దాని కింద పీ0128 ఉంది. ఇంజిన్ కూలెంట్, అంటే ఇంజిన్‌లో తిరిగే నీళ్లు, రావాల్సిన వేడికి రావడం లేదని దానర్థం. స్కానర్ తగిలించే ఉంచి, ఉండి ఊరి రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఎంత దూరం పోయినా కూలెంట్ వేడి 65, 66 డిగ్రీల దగ్గరే ఊగిసలాడింది. బాగున్న ఇంజిన్ అయితే 85, 95 మధ్య నిలబడాలి. ఇంజిన్ తగినంత వేడెక్కిందని నమ్మకం కుదిరితే తప్ప కంప్యూటర్ రీజెన్ మొదలుపెట్టదు. మొదలుపెట్టినా పూర్తి కానివ్వదు. విశాఖపట్నం దాకా వెళ్లొచ్చినా మసి ఎందుకు కాలలేదో అక్కడ తెలిసింది.

"వాటర్ పంపు ఎప్పుడైనా మార్చారా?" అని అడిగితే రాజుగారికి గుర్తొచ్చింది. కిందటి వేసవిలో దారిలో నీళ్లు కారి బండి ఆగితే ఒక చోట పంపు మార్పించారు. అప్పుడే "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండి, తీసేస్తే బండి చల్లగా ఉంటుంది" అన్నారట. నిజంగానే అప్పటి నుంచి డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ గీతలు కిందే ఉంటున్నాయి, దానికి ఆయన సంతోషించారు కూడా.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) ఉండే హౌసింగ్ విప్పి చూపించాను. వాల్వు ఉండాల్సిన చోట ఖాళీ గుంట. రబ్బరు రింగుకు బదులు చుట్టూ సీలెంట్ పేస్టు పూసి బిగించారు. ఆ పేస్టు తునక ఒకటి ఊడి పైపు నోట్లోకి వేలాడుతోంది. ఇంకొన్నాళ్లుంటే రేడియేటర్‌లోకి పోయి అడ్డుపడేది.

ఈ అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, తోటి మెకానిక్కులు కోపం తెచ్చుకోకుండా వినాలి. థర్మోస్టాట్ ఇంజిన్‌ను వేడి చేయదు. చల్లగా ఉన్నప్పుడు నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపుతుంది, సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. వేడెక్కాక పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి మే నెల ఎండలో అది ఉన్నంత మాత్రాన బండి ఓవర్‌హీట్ కాదు. అది ఇరుక్కుపోతే ఓవర్‌హీట్ అవుతుంది. అప్పుడు కొత్తది వేయాలి, తీసేయకూడదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, కొంత వేడి నీరు రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజిన్లోనే తిరిగి, ఎత్తు మీదో లోడు మీదో ఉల్టా వేడెక్కుతుంది కూడా. పాత అంబాసిడర్ల కాలంలో తీసేసినా ఎవరికీ తేడా తెలిసేది కాదు. బీఎస్6 డీజిల్లో మాత్రం ఆ చిన్న వాల్వు లేకపోతే డీపీఎఫ్ బతకదు.

చేసిన పని, వరస తప్పకుండా

వరస ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. ముందు ఆయిల్, ఫిల్టరు మార్చాను. పై గుర్తు దాటిన ఆయిల్‌తో రీజెన్ చేయిస్తే ఇంకా డీజిల్ కిందికి దిగుతుంది. పోసింది తక్కువ బూడిదనిచ్చే రకం, డబ్బా మీద ఏసీఈఏ సీ3 అని ఉన్నది, ఆ బండి మాన్యువల్ అడిగింది అదే. మసి కాలుతుంది గానీ ఆయిల్లోని మందుల నుంచి వచ్చే బూడిద ఏ వేడికీ కాలదు, డీపీఎఫ్‌లోనే శాశ్వతంగా ఉండిపోతుంది. చవకగా వస్తుందని మామూలు డీజిల్ ఆయిల్ పోసుకునేవాళ్లు డీపీఎఫ్ ఆయుష్షును డబ్బాకింతని తగ్గించుకుంటున్నారు.

తర్వాత కొత్త థర్మోస్టాట్, కొత్త కూలెంట్. పార్టు, లేబరు కలిపి కొన్ని వేలలో అయిపోయింది. డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సార్ పైపులు, టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టాలు చూశాను. గొట్టం చిట్లి గాలి పోతుంటే ఇంజిన్‌కు గాలి చాలక మసి ఎక్కువ పుడుతుంది. ఇక్కడ గొట్టాలు బాగానే ఉన్నాయి. సెన్సార్ పైపు క్లిప్పులు మాత్రం తుప్పు పట్టి పొడి రాలుతున్నాయి, అవి మార్చాను.

అప్పుడు ఫోర్స్‌డ్ రీజెన్, అంటే స్కానర్‌తో బలవంతంగా చేయించే రీజెన్. స్కానర్లో మసి లెక్క కంపెనీ పెట్టిన హద్దుకు లోపలే ఉంది కాబట్టి చేశాను. హద్దు దాటి ఉంటే చేయకూడదు. అంత మసి ఒక్కసారి అంటుకుంటే లోపలి పింగాణీ కరిగి పగిలిపోతుంది. అప్పుడు డబ్బా విప్పి బయట శుభ్రం చేయించాలి. బండిని షెడ్డు బయట సిమెంటు గచ్చు మీద పెట్టి చేయించాను. మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇది: మాసూళ్ల (వరి కోత, నూర్పుల) రోజుల్లో రోడ్ల పక్కన వరిగడ్డి పరిచి ఉంటుంది, డీపీఎఫ్ లైటు వెలుగుతున్న బండిని దాని మీద ఆపకండి. అడుగున ఉన్న డబ్బా ఎంత వేడిగా ఉంటుందో పైన రాశాను.

రీజెన్ ముందు ఐడ్లింగ్‌లో 20 మిల్లీబార్లు దాటి చూపిస్తున్న ఒత్తిడి తేడా, అయ్యాక 4కు వచ్చింది. అంటే డబ్బా లోపల పగలలేదు, బూడిదతోనూ నిండలేదు. మార్చాల్సిన అవసరమే లేదు. తర్వాత ఉండి దాటి ఆకివీడు దాకా నడిపించాను. కూలెంట్ 88 దగ్గర కదలకుండా నిలబడింది. పికప్ వచ్చేసింది.

పీకేయడం గురించి

"మరి వాళ్లు పీకేస్తామన్నారు కదండి, అదే చేసుంటే?" అని అడిగారు రాజుగారు. లైటు పోయేది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ మాత్రం చల్లగానే తిరుగుతూ, ఆయిల్ సరిగా కాగక సిలిండర్లు అరుగుతూ ఉండేవి, చెప్పడానికి లైటు కూడా ఉండేది కాదు. పైగా అది చట్టం ఒప్పుకోని పని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. మారిస్తే సెక్షన్ 182ఏ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పని చేసిన మెకానిక్ పేరు బయటికి రాదు, బండి ఆర్‌సీ మీద ఉన్నది మీ పేరే. అన్నిటికన్నా నన్ను ఆపేది ఇంకొకటి: మన ఊళ్ల రోడ్ల మీద ఒక వైపు కాలవ, ఒక వైపు ఇళ్ల అరుగులు. సన్నటి మసి పీల్చేది ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లూ, బండి వెనక సైకిళ్ల మీద బడికి పోయే పిల్లలూ. డీపీఎఫ్ ఖాళీ చేసే పని మా షెడ్డులో చేయం.

అమ్మాలా, ఉంచాలా, ఏం కొనాలి

బండి బాగైపోయినా ఆయన వాడకం మారలేదు కదా. థర్మోస్టాట్ వేసినంత మాత్రాన మూడు కిలోమీటర్ల ట్రిప్పుల్లో డీపీఎఫ్ కాలదు. అందుకని మూడో ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాల్సి వచ్చింది.

నా లెక్క ఇది: వారానికి ఒక్కసారైనా అరగంట, ముప్పావుగంట ఆగకుండా 60 పైన పోయే అవకాశం ఉన్నవాళ్లు బీఎస్6 డీజిల్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. చెరువులూ, కొబ్బరి తోటలూ, ఊళ్లో బజారూ తప్ప తిరగనివాళ్లు ఎంత ఇష్టమున్నా కొనకూడదు. రాజుగారికి రెండూ ఉన్నాయి: రోజూ చెరువులు, నెలకోసారి దూర ప్రయాణం. ఇంట్లో ఆరుగురు. కాబట్టి డీజిల్ బండిని ఇంటికీ దూరాలకూ ఉంచుకుని, చెరువులకు వేరే చిన్న బండి చూసుకోమన్నాను. ఇప్పుడున్న బండి తొందరపడి అమ్మితే వచ్చే నష్టంలో చిన్న బండి సగం వస్తుంది.

ఆ చిన్న బండి ఏమిటనే దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. నా మనసులో మాట ఎలక్ట్రిక్ కారు. రోజుకు 40 కిలోమీటర్లు, రాత్రి ఇంట్లో ఛార్జింగ్, గట్టు మీద గంటసేపు ఏసీ వేసుకుని కూర్చున్నా ఖర్చయ్యే కరెంటు కొంచెమే. ఇలాంటి వాడకానికి అచ్చంగా సరిపోతుంది. కానీ పంట చేతికొచ్చేదాకా అంత డబ్బు తీయలేనన్నారు. రొయ్య రేటు పడిపోయి ఉన్న రోజులు, ఆ మాటను కాదనలేం. సీఎన్‌జీ ఖర్చు తక్కువే గానీ చాలా బండ్లలో డిక్కీ సిలిండర్‌కు పోతుంది, మేత బస్తా పెట్టే చోటుండదు. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) కూడా చేయించాలి. చివరికి సెకండ్ హ్యాండ్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ దగ్గర ఆగాం. చిన్న ట్రిప్పులు పెట్రోలు ఇంజిన్‌కూ మంచివి కావు, అయితే దానికి జరిగే నష్టం ఆయిల్ త్వరగా మార్చుకుంటే సరిపోయేంత.

ఆయన చూసి పెట్టుకున్న బండ్లలో ఒకటి మా దగ్గరికి తెచ్చారు. పైన రంగు అద్దంలా ఉంది. లిఫ్టు ఎక్కిస్తే కింద బ్రేకు పైపులు పొక్కులు పొక్కులుగా తుప్పు పట్టి ఉన్నాయి, వెనక సస్పెన్షన్ బిగించే చోట స్క్రూడ్రైవర్ పొడిస్తే రేకు లోపలికి పోయింది. ఉప్పు చెరువుల పక్కన తిరిగి, ఉప్పు బోరు నీళ్లతోనే కడిగిన బండి. మొగల్తూరు, కాళ్ల వైపు బోర్లలో చాలా చోట్ల ఉప్పునీరే పడుతుంది. దాంతో బండి కడగడం కన్నా కడగకుండా ఉంచడమే మేలు. కాలవ నీళ్లతో, ముఖ్యంగా అడుగు భాగం కడగాలి. ఆ బండి వద్దన్నాను. తణుకు నుంచి తెచ్చిన రెండోదాన్ని ఒప్పుకున్నాను. అది 2016 మోడల్ కాబట్టి ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని ఇంధనం గొట్టాలు మార్చి ఇచ్చాను. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్ల రబ్బరు భాగాలు ఆ పెట్రోలును లెక్కలోకి తీసుకుని చేసినవి కాకపోవచ్చు. వారాల తరబడి కదలకుండా పెట్టొద్దని కూడా చెప్పాను, ఇథనాల్ గాల్లో తేమ లాగుతుంది, మన దగ్గర తేమకు కొదవ లేదు.

పంట అయ్యాక డీజిల్ బండిని మళ్లీ చూశాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పోసిన గుర్తు దగ్గరే ఉంది. స్కానర్లో చివరి రీజెన్ పూర్తయినట్టు ఉంది, అది విశాఖపట్నం దారిలో జరిగింది. ఆయిల్ మార్పు మాత్రం 10 వేలకు కాకుండా 5 వేలకే చేయమన్నాను. "ఆయ్, అలాగేనండి, ఈసారి డిప్‌స్టిక్ నేనే చూస్తాను" అన్నారు రాజుగారు.

ఇలాంటి బండి మీకూ ఉంటే రీజెన్ నడుస్తోందని పట్టుకోవడం కష్టం కాదు. ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాను కారణం లేకుండా గట్టిగా తిరుగుతుంది, మైలేజీ అంకె పడిపోతుంది, దిగితే కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఆపకండి, వీలైతే రోడ్డెక్కి మూడో గేరులోనో నాలుగో గేరులోనో 2,000 ఆర్‌పీఎం పైన పావుగంట పోనివ్వండి. బంకుల్లో అమ్మే డీపీఎఫ్ క్లీనర్ సీసాల మీద ఆశ పెట్టుకోకండి, థర్మోస్టాట్ లేని బండిలో అవి ఏమీ చేయలేవు. వాటర్ పంపు మార్పిస్తే దగ్గరుండి థర్మోస్టాట్ తిరిగి వేశారో లేదో చూసుకోండి. మెకానిక్ "అక్కర్లేదు" అంటే ఆ పాత వాల్వు మీ చేతికి ఇమ్మని అడిగి, ఇంకో చోటికి తీసుకెళ్లి బిగించుకోండి.